బెదురు కుక్కను గుంపులో కలిపే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

బెదురు కుక్కను పది కుక్కలు ఆడుతున్న చోట ఒక్కసారిగా వదిలిపెడితే దానంతట అదే అలవాటు పడుతుందని చాలామంది నమ్ముతారు. అలా వదిలిన కుక్క ఒక మూల కదలకుండా నిలబడితే భయం తీరిందని సంతోషిస్తారు కూడా. కానీ తప్పించుకునే దారి కనిపించనప్పుడు కుక్క భయంతోనే బిగుసుకుపోతుంది. ఆ అనుభవం మనసులో నాటుకుపోతే, ఆ తర్వాత దూరంగా ఏ కుక్క కనిపించినా మొరగడం, మీదికి దూకడం మొదలుపెట్టవచ్చు. అందువల్ల ప్రతి దశలోనూ వెనక్కి తగ్గే అవకాశం దానికి ఉండేలా చూడటమే అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త.

ముందుగా పశువైద్యుడికి చూపించాలి. చెవిపోటు, పంటినొప్పి, కీళ్లనొప్పి ఉన్న కుక్క మరో కుక్క దగ్గరకు రాగానే కరవబోవచ్చు. మనం దాన్ని పిరికితనమనో పొగరనో అనుకుంటాం. రేబిస్‌కూ, డిస్టెంపర్, పార్వో అనే వైరస్ జబ్బులకూ టీకాలు పూర్తయి ఉండాలి. ఎక్కువ కుక్కలు చేరే చోట కెన్నెల్ కాఫ్ అనే అంటు దగ్గు త్వరగా వ్యాపిస్తుంది కాబట్టి దాని టీకా గురించి కూడా అడగడం మంచిది. ఎదకు వచ్చిన ఆడకుక్కను ఆ రోజుల్లో గుంపు దగ్గరకు తీసుకెళ్లకూడదు.

గుంపుతో పరిచయం గుంపుతో మొదలు కాకూడదు. ఆ కుక్కల్లో వయసు వచ్చిన, నెమ్మదైన ఒకదాన్ని ఎంచుకుని, రెండింటినీ ఎదురెదురుగా కాక, మధ్య ఎడం ఉంచి ఒకే దిశలో నడిపించాలి. ఎంత ఎడం అన్నది మీటర్లలో చెప్పలేం. అవతలి కుక్కను చూస్తూ కూడా మీ చేతిలోని తిండిని మామూలుగా తినగలిగితే ఆ దూరం సరిపోయినట్టే. ఇష్టమైన ముక్కను కూడా వాసన చూసి వదిలేస్తే మరికొంత దూరం జరగాలి. లీష్‌ను, అంటే కుక్కను పట్టుకునే తాడును, బిగించి పట్టుకుంటే కుక్క బెదురు మరింత పెరుగుతుంది కాబట్టి దాన్ని వదులుగా ఉంచి, మెడపట్టీకి బదులు ఛాతీ చుట్టూ వేసే హార్నెస్ వాడాలి. ఒకదానితో నడక హాయిగా సాగాకే రెండోదాన్ని, ఆపై మూడోదాన్ని కలపాలి. దీనికి వారాలు పట్టినా తొందరపడనక్కరలేదు.

భయం తోకలోనే కనిపిస్తుందనుకోవడం పొరపాటు. ఎదుట తిండి లేకపోయినా మూతి నాకుకోవడం, నిద్ర రాకపోయినా ఆవులించడం, తల పక్కకు తిప్పుకుని కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడటం, ముందుకాలు ఒకటి ఎత్తి ఆగిపోవడం తోక ముడవడానికి చాలా ముందే కనిపిస్తాయి. గుర్రుమంటే తిట్టకండి. గుర్రుమన్నందుకు తిట్లు తిన్న కుక్క ఆ హెచ్చరిక మానేసి నేరుగా కరవడం నేర్చుకోవచ్చు.

కుక్కలు ఆడే ఆవరణ గేటు దగ్గర ప్రమాదం ఎక్కువ. లోపలి కుక్కలన్నీ ఒక్కసారిగా గేటుకు పరుగెత్తుకొస్తాయి. కొత్తది ఇనుప కమ్మీలకు వీపు ఆనించి, చెవులు వెనక్కి వాల్చి, ఎటు తిరిగినా మరో ముక్కు తగులుతుంటే నిలువునా వణుకుతుంది. ఈ పరిస్థితి రాకుండా లోపలివాళ్లు తమ కుక్కలను ముందే దూరంగా పిలుచుకోవాలి. అందరూ సహకరిస్తామంటేనే లోపలికి వెళ్లాలి. ఆవరణ నాలుగువైపులా మూసి ఉంటే లోపలికి వెళ్లగానే లీష్ తీసేయాలి, ఎందుకంటే విడిగా తిరిగే కుక్కల మధ్య కట్టి ఉన్న కుక్క తాను చిక్కుకున్నానని భావిస్తుంది. బంతులు, తిండి గిన్నెలు అక్కడ ఉండకూడదు. తొలిసారి ఐదు పది నిమిషాలు చాలు. కుక్క ఉల్లాసంగా ఉన్నప్పుడే బయటకు తీసుకురావాలి.

ఒక కుక్క మీ కుక్కను తరుముతుంటే అది ఆటా, వేధింపా అని తేల్చుకోవడానికి తరిమేదాన్ని కాసేపు పట్టుకోండి. తప్పించుకున్నది తిరిగి దాని దగ్గరికే వస్తే అది ఆట, దూరంగా వెళ్లిపోతే ఆ జోడీని అక్కడితో ఆపాలి. కొట్లాట జరిగితే వాటి మూతుల మధ్య చెయ్యి పెట్టకండి. పెద్ద శబ్దం చేయడం, నీళ్లు చల్లడం, మధ్యలో అట్టో బల్లో అడ్డుపెట్టడం మేలు. మనిషికి గాటు పడితే సబ్బుతో, పారే నీటితో 15 నిమిషాలు కడిగి, అదే రోజు వైద్యుడి దగ్గరకు వెళ్లాలి.

గుంపుకు వెళ్లొచ్చిన మర్నాడు ఇంటి దగ్గరే ప్రశాంతంగా ఉంచండి. ఎన్నిసార్లు నెమ్మదిగా పరిచయం చేసినా గుంపులో అది వణుకుతూనే ఉంటే బలవంతపెట్టవద్దు. దానికి నచ్చిన ఒకటి రెండు కుక్కలతో నడక చాలు.