ముందు బ్రేకులు పట్టేస్తున్నాయా? ప్యాడ్లు మార్చే ముందు ఇవి చూడండి

పాత కారు ముందు బ్రేకులు ఇబ్బంది పెట్టగానే అందరం ముందు చేసే పని కొత్త ప్యాడ్లు వేయించడం. నేను ఒక్క ఏడాదిలో రెండుసార్లు వేయించాను. రెండుసార్లూ ఎడమవైపువే అరిగాయి, కుడివైపువి కొత్తవాటిలాగే ఉన్నాయి. చివరికి తేలిందేమిటంటే తప్పు ప్యాడ్లది కాదు, కాలిపర్‌కి (ప్యాడ్లను డిస్క్‌కి నొక్కే భాగం) బ్రేక్ ఆయిల్ తీసుకెళ్లే రబ్బరు గొట్టానిది. అందుకే ఎవరడిగినా నేను ఒకటే చెప్తాను: ఏది అరిగిందో చూసి ఆగిపోకండి, ఎందుకు అరిగిందో పట్టుకోండి.

చక్రం విప్పకముందే సగం విషయం తెలిసిపోతుంది. రెండు ముందు టైర్లలో గాలి సమానంగా ఉందో లేదో చూసుకుని, ఖాళీగా ఉన్న తిన్నటి రోడ్డు మీద నెమ్మదిగా నడిపి బ్రేక్ వేయండి. బ్రేక్ వేసినప్పుడు మాత్రమే బండి కుడికి లాగుతుంటే చాలాసార్లు ఎడమవైపు బ్రేక్ సరిగ్గా పట్టడం లేదని అర్థం. మనం మాత్రం లాగే వైపే అనుమానిస్తాం. అలా కాకుండా బ్రేక్ మీద కాలు లేకపోయినా ఒకవైపు లాగుతూ, ఆ చక్రం దగ్గర కాలిన వాసన వస్తుంటే ఆ వైపు బ్రేక్ వదలడం లేదన్నమాట. దీన్ని తేల్చుకోవడానికి వేడి చూడటం కంటే మంచి పద్ధతి నాకు తెలియదు. పది పదిహేను నిమిషాలు వీలైనంత తక్కువ బ్రేక్ వాడుతూ నడిపి, మెల్లగా ఆపి, రెండు ముందు చక్రాల దగ్గరా అరచెయ్యి పెట్టి చూడండి, కానీ దేన్నీ ముట్టుకోకండి. ఒకవైపు గోరువెచ్చగా ఉండి రెండోవైపు సెగ కొడుతుంటే దొంగ దొరికినట్టే.

పెడల్ కూడా చాలా చెప్తుంది. తొక్కితే స్పాంజిలా మెత్తగా ఉండి, రెండు మూడుసార్లు పంప్ చేశాక గట్టిపడితే బ్రేక్ ఆయిల్ పైపుల్లో గాలి చేరి ఉండవచ్చు. ఇంజిన్ ఆన్‌లో ఉండగా ఒకే బలంతో తొక్కి పట్టుకుంటే పెడల్ మెల్లమెల్లగా కిందికి దిగిపోతూ, బయట ఎక్కడా తడి కనిపించకపోతే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను పైపుల్లోకి నెట్టే భాగం) లోపలి సీళ్లు పోయి ఉంటాయి, ఆ బండిని ఇక రోడ్డెక్కించకండి. బ్రేక్ వేసినప్పుడు మాత్రమే స్టీరింగ్ వణుకుతుంటే చక్రంతో పాటు తిరిగే బ్రేక్ డిస్క్ మందం ఒక్కోచోట ఒక్కోలా ఉందనో, డిస్క్‌కీ అది కూర్చునే హబ్‌కీ మధ్య తుప్పు చేరిందనో అనుమానించాలి. కీచుమంటే ప్యాడ్లు చివరికొచ్చి ఉండవచ్చు. గరగరమంటే ఇనుము ఇనుమును గీరుతున్నట్టే, అప్పుడిక నడపకండి.

ఇక చక్రాలు విప్పడం. బ్రేకులు చల్లారాక, సమంగా ఉన్న గట్టి నేల మీద, హ్యాండ్‌బ్రేక్ వేసి, వెనక చక్రాలకు అడ్డు పెట్టి, బండిని స్టాండ్ల మీద నిలపండి. ఒక్క జాకీని నమ్మి చెయ్యి లోపల పెట్టకండి. దుమ్మును గాలి కొట్టి ఊదకండి, పాత ప్యాడ్లలో పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. తేడా ఒకవైపే అనిపించినా రెండు వైపులా విప్పండి, పక్కపక్కన పెట్టి పోల్చితేనే తెలుస్తుంది. ఒకే చక్రంలో లోపలి ప్యాడ్ బాగా అరిగి బయటిది మందంగా ఉంటే, ప్యాడ్‌ను తోసే పిస్టన్ ఒక్కవైపే ఉండే కాలిపర్లలో స్లైడ్ పిన్‌లు (కాలిపర్ జరగడానికి ఉండే కడ్డీలు) బిగుసుకుపోయి ఉండవచ్చు. పిన్‌లు చేత్తో తోస్తే జారాలి. వాటికి బ్రేకుల కోసం తయారైన గ్రీజే రాయండి, మామూలు గ్రీజుకి రబ్బరు ఉబ్బిపోతుంది. ప్యాడ్ మీద మెటీరియల్ 3 మిల్లీమీటర్లకు దిగితే మార్చేయండి. డిస్క్ కనీస మందం చాలావాటికి దాని మీదే చెక్కి ఉంటుంది.

అసలైన పరీక్ష ఇది, తోడుగా ఒకరు కావాలి. ఇంజిన్ ఆఫ్‌లో ఉంచి, వాళ్లను నాలుగైదుసార్లు బ్రేక్ తొక్కి వదిలేయమని, వెంటనే డిస్క్‌ను చేత్తో తిప్పండి. కాస్త రాసుకుంటూ తిరిగితే పర్వాలేదు. గట్టిగా పట్టేస్తే కాలిపర్ మీది బ్లీడర్ నిపుల్‌కి (ఆయిల్, గాలి బయటికి వదిలే చిన్న స్క్రూ) సన్నని ట్యూబ్ తగిలించి, దాని కొసను సీసాలో పెట్టి, పానాతో పావు చుట్టు వదులు చేయండి. నా బండికి అలా చేయగానే ట్యూబ్‌లోకి నల్లటి ఆయిల్ చివ్వున వచ్చింది, అంతసేపూ కదలని డిస్క్ వేలితో తోస్తే తిరిగింది. అంటే కాలు తీసినా ప్రెషర్ లోపలే ఉండిపోతోంది. నిపుల్ తెరిచినా డిస్క్ వదలకపోతే మాత్రం తప్పు కాలిపర్‌దే, పిస్టన్‌కి తుప్పు పట్టడమో పిన్‌లు బిగుసుకోవడమో అయి ఉంటుంది.

ప్రెషర్ ఎక్కడ ఆగుతోందో తేల్చడానికి నిపుల్ బిగించి, మళ్లీ తొక్కించి వదిలించి, ఈసారి రబ్బరు గొట్టం ఇనుప పైపుతో కలిసే చోట నట్ కొద్దిగా వదులు చేయండి. అక్కడ వదులు చేయగానే చక్రం తిరిగితే అడ్డు పైన, మాస్టర్ సిలిండర్ వైపు ఉంది. అప్పుడు సాధారణంగా ఒక్క చక్రమే కాదు, ఇంకొకటి కూడా పట్టేస్తుంది. అక్కడ వదలకుండా నిపుల్ దగ్గర మాత్రమే వదిలితే గొట్టం లోపలే మూసుకుపోయింది. బయటికి ఒక్క పగులు కూడా కనిపించకపోవచ్చు, నాదీ అలాగే ఉంది. లోపలి పొర ఊడి, తొక్కినప్పుడు ఆయిల్‌ను పోనిచ్చి, వెనక్కి మాత్రం రానివ్వదు. గొట్టాలు రెండు వైపులా కలిపి మార్చండి, రెండోదానికీ అంతే వయసుంటుంది. కాలిపర్ విప్పితే గొట్టానికి వేలాడదీయకుండా తీగతో పైకి కట్టండి.

పైప్ జాయింట్ వదులు చేశారంటే బ్లీడింగ్, అంటే లోపల చేరిన గాలిని ఆయిల్‌తో పాటు నిపుల్ గుండా బయటికి పంపడం, తప్పదు. బండిలోని బ్రేక్ ఆయిల్ ట్యాంకు మూత మీద రాసిన గ్రేడ్ ఆయిలే పోయండి. పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లతో కడిగేయండి, లేకపోతే తినేస్తుంది. అంతా బిగించాక ఎక్కడా కారడం లేదని చూసుకుని, బండి కదిలించే ముందే పెడల్ గట్టిపడేదాకా పంప్ చేయండి. నెమ్మదిగా నాలుగుసార్లు ఆపి చూసి, మళ్లీ ఆ పది పదిహేను నిమిషాలు నడిపి, రెండు చక్రాల దగ్గరా అరచెయ్యి పెట్టి చూడండి. ఈసారి వేడి రెండు వైపులా ఒకేలా ఉండాలి.