రాతి లంగరు చెయ్యడంలో అసలు పనంతా కన్నం దగ్గరే

ఒడిశాలో గోపాల్‌పూర్, ఛత్రపురం వైపు మన తెలుగు జాలరి ఇళ్ళల్లో ఇప్పటి కుర్రాళ్ళకి ఇనప లంగరే తెలుసు, అందుకే రాతిది ఎలా చేస్తారో వివరంగా రాస్తున్నా. ఇది చాలా పాత పని. మన పక్కనే చిలికా తీరంలో పాత రాతి లంగర్లు దొరికాయి, గుజరాత్‌లో ద్వారక దగ్గర సముద్రంలోంచి కూడా చాలా బయటపడ్డాయి, టర్కీ దగ్గర సుమారు 3300 ఏళ్ళ కిందట మునిగిన ఉలుబురున్ ఓడలో అయితే 24 ఉన్నాయి.

రాయి గట్టి నల్లరాయి తీసుకోండి. మన కొండల్లో దొరికే ఖోండలైట్ అనే రాయి ఎండకీ వానకీ మెత్తబడి ఉంటే పొడిగా రాలిపోద్ది, వద్దు. సుత్తితో కొడితే ఖంగుమనాలి, మొద్దుగా మోగితే లోపల బీట ఉన్నట్టే. ఒడ్డున 30 కిలోలు తూగే రాయి ఉప్పునీళ్ళలో 18, 19 కిలోలే తూగుద్ది, బరువు ఆ లెక్కన చూస్కోండి.

పైన సన్నగా కింద వెడల్పుగా ఉండే పలక చాలు. పైన తాడుకి ఒక గుండ్రటి కన్నం, కింద కర్రలకి రెండు నలుచదరం కన్నాలు. రెండు వైపులా ఒకే చోట బొగ్గుతో గుర్తు పెట్టి, రాయి తడిపి, ముక్కుకి గుడ్డ కట్టుకుని (ఆ దుమ్ము ఊపిరితిత్తులకి చాలా చెడ్డది) సన్న ఉలితో మొదలెట్టండి, దెబ్బ దెబ్బకీ ఉలి కాస్త తిప్పుతూ సగం లోతు వెళ్ళాక రాయి తిరగేసి అటునుంచి తొలవండి. ఒకే వైపు నుంచి అవతలికి కొట్టేస్తే వెనక పెద్ద పెచ్చు ఊడిపోద్ది. మధ్యలో పల్చబడ్డాక చిన్న చిన్న దెబ్బలే. తర్వాత తడి ఇసక వేసి అంచులు గుండ్రంగా అరగదీసి వేలు పెట్టి తిప్పండి, వేలికి ఎక్కడ గుచ్చుకుంటే అక్కడే రేపు తాడు తెగుద్ది.

కింది కన్నాల్లో బాగా ఎండిన తుమ్మ కర్రలు, కొనలు చెక్కి, రెండు వైపులా బయటికి వచ్చేలా దూర్చాలి, ఇసక నేలలో పట్టు ఇచ్చేది అవే. మరీ బిగించి కొట్టొద్దు. రాళ్ళు కొట్టేవాళ్ళు బండ చీల్చడానికి ఎండు చెక్క దిగ్గొట్టి నీళ్ళు పోస్తారు కదా, తడిసి ఉబ్బిన కర్ర మీ లంగరుని కూడా అలాగే చీల్చేస్తుంది. చేత్తో నెడితే కదలకుండా ఉంటే చాలు, మిగతా బిగువు నీళ్ళలో అదే వస్తుంది.

తాడు లోతుకి కనీసం మూడు రెట్లు వదలండి, గాలి ఉంటే ఐదు రెట్లు. పొట్టి తాడైతే అల లేచినప్పుడల్లా లంగరుని పైకి లాగేస్తుంది. బండలున్న చోట వేస్తుంటే కింది కర్రకి ఇంకో సన్న తాడు కట్టి పైన నీళ్ళ మీద తేలే బెండు కట్టండి, ఇరుక్కుంటే దాన్ని పట్టి వెనక్కి లాగితే వచ్చేస్తుంది.