అక్టోబరులో ఆగస్టు నీళ్లు: టెక్సాస్‌లో బాస్ చేప గాలానికి పడకపోతే

ఉత్తర టెక్సాస్‌లో బాస్ చేపకు గాలం వేసేవాళ్లు వేసవంతా ఎదురుచూసేది శరదృతువు కోసం. నీళ్లు చల్లబడతాయి, షాడ్ అనే చిన్న చేపలు గుంపులుగా జలాశయంలోని వాగు పాయల్లోకి వెళతాయి, వాటిని తినడానికి లార్జ్‌మౌత్ బాస్ వెళుతుంది. పుస్తకాల్లో రాసిన కథ ఇది. డాలస్ చుట్టుపక్కల వాతావరణం మాత్రం ఆ కథ చదివినట్టు కనిపించదు. అక్టోబరు మధ్యలో 90 డిగ్రీల ఫారెన్‌హీట్ (32 సెల్సియస్) ఎండ కాయవచ్చు, నాలుగు రోజుల తర్వాత స్వెట్టరు లేకుండా బోటు ఎక్కలేని చలిగాలి వీయవచ్చు. ఫ్రిస్కో నుంచో ఇర్వింగ్ నుంచో చీకటితో బయలుదేరి లేక్ ఫోర్క్ జలాశయం చేరి, ఖాళీ చేతులతో తిరిగొచ్చే మనవాళ్లలో చాలామంది క్యాలెండర్ చూసి చేపను వెతికినవాళ్లే. చూడవలసింది నీళ్లను.

కాబట్టి ఇబ్బంది ఏదైనా ముందు నీటి ఉష్ణోగ్రత తెలుసుకోండి. ఫోనులో కనిపించేది గాలి ఉష్ణోగ్రత, చేపకు దానితో పని లేదు. బోటులోని సోనార్ (నీళ్లలోకి శబ్దం పంపి లోతునూ చేపనూ చూపే పరికరం) తెర చూపే అంకె కూడా పైపొరదే. గాలి ఆడని ఎండ మధ్యాహ్నం అది ఉదయం కంటే నాలుగైదు డిగ్రీలు ఎక్కువ చూపించడం మామూలు. అందుకని తెల్లవారగానే కనిపించిన అంకెనే నమ్మి, వారం కిందటి ఉదయపు అంకెతో పోల్చి చూడండి. ఒడ్డున నిలబడి గాలం వేసేవాళ్లకు దారానికి కట్టిన అక్వేరియం థర్మామీటర్ చాలు. బరువు కట్టి నీళ్లలోకి దించి, ఐదు నిమిషాలు ఆగి, గబుక్కున పైకి లాగి చదవాలి.

అక్టోబరు వచ్చినా వాగు పాయ చివర చేప లేదు

పాయ చివర మూడు అడుగుల లోతులో స్పిన్నర్‌బైట్ (తిరిగే రేకులున్న ఎర) విసురుతూ పూట గడిచిపోతుంది. జానెడు పిల్ల బాస్‌లు ఒకటో రెండో తగులుతాయి. నీటి పైన షాడ్ గుంపుల చిటపటలు కూడా ఉండవు.

కారణం: నీళ్లు ఇంకా వేసవిలోనే ఉన్నాయి. ఉదయపు అంకె 80 (27 సెల్సియస్) దాటి ఉంటే జలాశయం ఇంకా రెండు పొరలుగానే ఉందనుకోవచ్చు. పైన వెచ్చటి పొర, అడుగున చల్లటి పొర, రెండింటి మధ్య ఉష్ణోగ్రత ఒక్కసారిగా పడిపోయే పలుచటి మేర. దీన్నే థర్మోక్లైన్ అంటారు. వేసవి చివరికి దాని కింద ప్రాణవాయువు దాదాపు మిగలదు. పైపొరలోనూ పుష్కలంగా ఉండదు: 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరు నీరు పట్టుకోగలిగింది ఏడున్నర మిల్లీగ్రాములే, 15 డిగ్రీలకు దిగితే అది పదికి చేరుతుంది. పాయ చివర నిలవ నీటిలో కుళ్లుతున్న ఆకూ అలమూ ఆ కాస్త కూడా లాగేస్తాయి. పగటి పొద్దు తగ్గడాన్ని బట్టి చేపలకు కాలం మారినట్టు తెలుస్తుందనే వాదనలో కొంత నిజం ఉండవచ్చు. అయినా 84 డిగ్రీల నీళ్లలో షాడ్ ఆ మూలకు వెళ్లడానికి తొందరపడదు. షాడ్ లేని చోట బాస్‌కు ఏం పని?

పరిష్కారం: పాయను వదిలి ప్రధాన జలాశయానికి రండి. నీళ్లలోకి ముక్కులా చొచ్చుకొచ్చిన భూమి కొసలు, మునిగిన పాత రోడ్లు, వంతెన స్తంభాలు, 15 నుంచి 25 అడుగుల లోతులో ఉన్న మెరకలు చూడండి. సోనార్ సున్నితత్వం పెంచితే తెరకు అడ్డంగా పొగలాంటి గీత కనిపిస్తుంది. అదే థర్మోక్లైన్. గీత 22 అడుగుల దగ్గర ఉంటే 30 అడుగుల్లో ఎర దించడం వృథా, చేప దానికి పైనే ఉంటుంది. సూర్యుడు చెట్ల పైకి రాకముందు నీటి మీద తేలే టాప్‌వాటర్ ఎర, తర్వాత చేప ఆకారంలో ఉండి లాగితే లోతుకు దిగే క్రాంక్‌బైట్ లేదా కరోలినా రిగ్‌కు (బరువు ముందు, ఎర దూరంగా వెనక ఉండే అమరిక) కట్టిన పొడవాటి ప్లాస్టిక్ వార్మ్ (పురుగు బొమ్మ) వాడండి. మిట్టమధ్యాహ్నం బోటు షెడ్ల నీడ కిందకు ఎరను జారవిడవండి. మన కొర్రమీను లాగే ఇదీ నీడలో మాటువేసి దూకే జాతి.

మళ్లీ పాయలోకి ఎప్పుడు వెళ్లాలంటే, స్థూలంగా ఒక లెక్క చెప్పవచ్చు. ఉదయపు అంకె 75 (24 సెల్సియస్)కు దిగినప్పుడు పాయ ముఖద్వారం, 70 దగ్గర పాయ మధ్య, 60ల్లోకి వచ్చాక చివర. ఎండలు మళ్లీ ముదిరితే చేప ఈ దారిలో వెనక్కి కూడా నడుస్తుంది. పోయిన వారం పాయ మధ్యలో దొరికిన చేప ఈ వారం అక్కడ లేదంటే చాలాసార్లు జరిగింది ఇదే.

నిన్న పండగ, నేడు పస్తు

చోటు అదే, ఎర అదే. రాత్రి ఉత్తరపు గాలి వీచింది, గాలి ఉష్ణోగ్రత 30 ఫారెన్‌హీట్ డిగ్రీల మేర పడిపోయింది. ఉదయం ఆకాశం మచ్చలేని నీలం. నీళ్లు మాత్రం చచ్చినట్టున్నాయి.

చాలామంది చెప్పే కారణం వాయుపీడనం. పీడనం పెరిగితే చేప గాలితిత్తి (నీళ్లలో తేలడానికి తోడ్పడే లోపలి సంచి) మీద ఒత్తిడి పడి మేత మానేస్తుందంటారు. నాకు ఇది లెక్కకు నిలిచే మాటగా అనిపించదు. వాయుపీడనంలో ఒక హెక్టోపాస్కల్ మార్పు ఒక సెంటీమీటరు నీటి లోతుతో సమానం. గట్టి కోల్డ్ ఫ్రంట్ (చలిగాలి రాక) 20 హెక్టోపాస్కల్‌లు పెంచిందనుకున్నా, చేప జానెడు పైకి జరిగితే ఆ తేడా చెల్లిపోతుంది. షాడ్‌ను తరుముతూ బాస్ నిమిషంలో పది అడుగులు ఎక్కి దిగే చేప.

నా లెక్కలో అసలు కారణాలు మూడు. మొదటిది లోతు తక్కువ నీళ్లు వేగంగా చల్లబడటం: జలాశయం మొత్తం మీద రెండు మూడు డిగ్రీలే తగ్గిన రాత్రి, పాయ చివర పది తగ్గవచ్చు. రెండోది వెలుతురు: మబ్బు విడిపోయి, గాలి కూడా పడిపోయాక ఎండ నేరుగా లోతుకు దిగుతుంది, మాటు చెడిన చేప చెట్టు మోడుకో గడ్డి గుబురుకో అతుక్కుపోతుంది. మూడోది షాడ్ లోతుకు జారుకోవడం. అకాలపు చలి మరీ దెబ్బతీసేది ఎందుకంటే, వారం ముందటి ఎండకు అలవాటుపడిన చేపకు సర్దుకునే వ్యవధి ఉండదు.

పరిష్కారం రెండు దారుల్లో ఉంది. చేప పాయలోనే ఉందనుకుంటే ప్రతి మోడునూ విడిగా పట్టించుకోండి: ఒకే మొద్దుకు నాలుగు వైపుల నుంచీ, చెక్కకు తగిలేంత దగ్గరగా జిగ్ (తలకు బరువున్న గాలపు ఎర) వేసి, అడుగుకు చేరాక పది అంకెలు లెక్కపెట్టేదాకా కదపకండి. లేదంటే పాయ మధ్యలో పాత వాగు గర్భం ఒడ్డుకు దగ్గరగా మలుపు తిరిగిన మొదటి లోతుకు వెళ్లి, నాలుగు అంగుళాల ఎరతో డ్రాప్‌షాట్ (బరువు అడుగున, ఎర దానికి పైన ఉండే అమరిక) వేయండి. లేక్ ఫోర్క్‌లో లిటిల్ కేనీ, బిర్చ్ క్రీక్ వంటి పాయల్లో నిలువుగా మునిగిన చెట్లున్నాయి కాబట్టి రెండు పద్ధతులూ ఒకే పాయలో ప్రయత్నించవచ్చు. పొద్దున్నే పరుగెత్తవలసిన అవసరం కూడా లేదు. ఉత్తరపు ఒడ్డుకు గాలి నుంచి చాటు ఉంటుంది, దక్షిణాన వాలిన సూర్యుడి వెచ్చదనమూ ముందుగా దానికే అందుతుంది. పదకొండు దాటాక అక్కడ మొదలుపెట్టండి. అన్నట్టు, పండగంతా చలిగాలి రావడానికి ముందు గంటల్లో ఉంటుంది. మబ్బు పట్టి దక్షిణపు గాలి విసురుగా వీచే ఆ మధ్యాహ్నం ఆఫీసుకు సెలవు పెట్టగలిగినవాడే అదృష్టవంతుడు. పిడుగుల హెచ్చరిక ఉంటే మాత్రం ఒడ్డునే ఉండండి.

నీళ్ల రంగు మారి, కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తోంది

పైపొర చల్లబడి కింది పొరంత బరువెక్కినప్పుడు రెండూ కలిసిపోతాయి. దీన్నే టర్నోవర్ అంటారు. అడుగున పేరుకున్న హైడ్రోజన్ సల్ఫైడ్, కుళ్లిన ఆకుల తుక్కు పైకి వస్తాయి. మామూలు ఏడాది ఇది మెల్లగా జరుగుతుంది. ఎండలు ఆలస్యంగా దాకా కాసి, ఒక్కసారిగా చలిగాలి విరుచుకుపడితే ఉధృతంగా జరుగుతుంది. బోటు మోటారు వెనక నురగ చూడండి: మామూలు నీళ్లలో వెంటనే కరిగిపోతుంది, టర్నోవర్ నీళ్లలో గోధుమరంగు బుడగలై చాలాసేపు తేలుతుంది, మధ్యలో నల్లటి పీచు కనిపిస్తుంది.

ఇక్కడ ఎరలు మార్చి లాభం లేదు, నీళ్లు మార్చాలి. జలాశయమంతా ఒకేసారి తిరగబడదు. ఆనకట్ట దగ్గరి లోతు ప్రాంతం కలగాపులగంగా ఉన్న రోజునే, ఎప్పుడూ పొరలు కట్టని లోతు తక్కువ ఎగువ భాగం శుభ్రంగా ఉండవచ్చు. వాగు నీరు వచ్చి కలిసేచోటు, గాలి బాగా కొట్టే ఒడ్డు, పచ్చగా బతికున్న హైడ్రిల్లా గడ్డి అంచులు చూడండి. అవీ కుదరకపోతే పక్క జలాశయానికి వెళ్లండి. వారం పది రోజుల్లో ఇది సర్దుకుంటుంది, ఆ తర్వాత చేప ఎక్కడైనా ఉండవచ్చు కాబట్టి వెతుకులాట మాత్రం పెరుగుతుంది.

కుండపోత వాన తర్వాత నీళ్లు బురదగా ఉన్నాయి

పరిష్కారం సులువే. చేప కంటితో కాక, ఒంటి పక్కల మీదుండే, కంపనాలను పట్టే గీత సాయంతో కదలికను పసిగట్టి వేటాడుతుంది. ఎర చప్పుడు చేయాలి, నల్లగా లేదా నలుపు-నీలంగా ఉండాలి, మోడును రాసుకుంటూ రావాలి. బురద నీరూ తేట నీరూ కలిసే గీత దొరికితే దాన్ని వదలకండి. తేలివచ్చే దుంగల కోసం బోటు వేగం తగ్గించండి.

షాడ్ ఎగురుతోంది, బాస్ లేస్తోంది, ఎరను మాత్రం ముట్టదు

కళ్ల ముందే చేపలు నీటిని చీలుస్తుంటే, మన ఎర వాటి మధ్య నుంచి క్షేమంగా తిరిగొస్తుంది. ఇంతకంటే ఉడుకెత్తించే దృశ్యం మరొకటి లేదు. కారణం సాధారణంగా కొలత. ఆ ఏడాది పుట్టిన షాడ్ రెండు మూడు అంగుళాలే ఉంటుంది, మనం విసిరేది ఐదు అంగుళాలు. నీటిపై దెబ్బతిని తేలిన షాడ్‌ను ఒకదాన్ని తీసి ఎర పక్కన పెట్టి చూడండి, తేడా తెలిసిపోతుంది. చిన్న ఎరకు మారండి. గుంపు మధ్యలోకి కాక అవతలికి విసిరి, అంచు గుండా లాగండి. గుంపు కింద, కాస్త ఆలస్యంగా మునిగే ఎరను వదిలితే పెద్ద చేప తగిలే వీలు ఎక్కువ, ఎందుకంటే పెద్దవి పైకి ఎగరకుండా కింద రాలే గాయపడిన షాడ్ కోసం కాచుకుంటాయి.

వదిలిన చేప వెల్లకిలా తేలుతోంది

శరదృతువే కదా అని చేపను బోటులో బతికించి ఉంచే లైవ్‌వెల్ తొట్టిలో గంటలకొద్దీ ఉంచితే, 80 డిగ్రీల నీళ్లలో అది బతకడం కష్టం. లేక్ ఫోర్క్‌లో 16 నుంచి 24 అంగుళాల మధ్య లార్జ్‌మౌత్‌ను తప్పనిసరిగా వదిలేయాలి, 24 అంగుళాలు దాటినదాన్ని రోజుకు ఒకటే ఉంచుకోవచ్చు, కాబట్టి వదలడం ఇక్కడ రోజువారీ పనే. (లైసెన్సు కూడా చూసుకోండి. టెక్సాస్ వార్షిక లైసెన్సుల్లో చాలావరకు ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో ముగుస్తాయి.) వేడి రోజున తొట్టిలో మంచుగడ్డ కట్టిన నీళ్ల సీసా వేసి, జలాశయం కంటే ఐదారు డిగ్రీలు మాత్రమే తగ్గించండి. పంపు ఆపకండి. 30 అడుగులకు మించిన లోతు నుంచి లాగిన చేపకు గాలితిత్తి ఉబ్బుతుంది. దాన్ని సూదితో పొడవడం నేర్చినవాళ్ల పని, అది రానివాళ్లు అంత లోతున వేయకపోవడమే మంచిది. చేతులు తడిపి పట్టుకోండి. పెద్ద చేపను ఒక్క దవడతో వేలాడదీయకుండా పొట్ట కింద రెండో చెయ్యి ఉంచండి. ఫొటో ఒకటి చాలు, రెండోది అడిగేలోగా చేప నీళ్లలో ఉండాలి.