నీళ్లు దిగని వాషింగ్ మెషీన్‌లో చెయ్యి పెట్టేముందు

నీళ్లు నిలిచిపోయిన మెషీన్‌లోంచి బట్టలు తీయబోయి షాక్ కొట్టించుకున్నారన్న వార్త మళ్లీ వచ్చింది. బెజవాడ, గుంటూరు ఇళ్లకు వానాకాలం ముందుంది. నేల తడి, గోడ చెమ్మ, ఇంట్లో కాళ్లకు చెప్పులుండవు.

ప్రాణం మీదికి తెచ్చే పొరపాటు ఒకటే. స్విచ్ ఆపి, కరెంటు పోయిందనుకోవడం. సాకెట్ పక్కనున్న స్విచ్ ఒక్క తీగనే తెంపుతుంది. అది కరెంటు తెచ్చే ఫేజ్ తీగ అయితే సరే. పాత వైరింగులో స్విచ్ న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) మీద పడి ఉంటే, ఆపినా మెషీన్ లోపలికి 230 వోల్టులూ వస్తూనే ఉంటాయి. అందుకే ప్లగ్ పీకండి. ప్లగ్ దగ్గర నీళ్లు నిలిచి ఉంటే వాటిలో కాలు పెట్టకుండా, పొడి చేతులతో ముందు మెయిన్ దించండి. ఆ తర్వాత ప్లగ్ పీకండి.

ఫ్రంట్ లోడులో మొదటి అనుమానం కింద మూలనున్న ఫిల్టరు మీదే. ఎల్‌జీలో ఓఈ, శాంసంగ్‌లో 5సీ, బాష్‌లో ఈ18 అని పడితే నీళ్లు బయటికి పోలేదని. కుళాయి కట్టేయండి. వేడినీళ్లతో ఉతికి ఉంటే చల్లారనివ్వండి. చిన్న తలుపు తీస్తే పక్కన సన్నటి గొట్టం ఉన్న మోడళ్లలో దాంతోనే నీళ్లు వదలాలి. లేకపోతే అంచు తక్కువున్న పళ్లెం పెట్టి, ఫిల్టరును ఎడమకు పావు చుట్టు తిప్పండి. పళ్లెం నిండగానే బిగించి, పారబోసి, మళ్లీ తిప్పండి. ఒక్కసారే లాగితే బకెట్ల కొద్దీ నీళ్లు నేల మీదికొస్తాయి. పక్కనే ఎక్స్‌టెన్షన్ బాక్సు ఉంటే ఇక చెప్పేదేముంది!

లోపల దొరికేవి రూపాయి బిళ్లలు, పిన్నీసులు, జాకెట్ హుక్కులు, పీచు. టార్చి వేస్తే నీళ్లు బయటికి నెట్టే పంపు చిన్న రెక్కల చక్రం కనిపిస్తుంది. పెన్నుతో తిప్పండి. ఆగి ఆగి, కుదుపుగా తిరిగితే కంగారొద్దు, అది అయస్కాంతం పట్టు. అసలు కదలకపోతే దారమో వెంట్రుకలో చుట్టుకున్నట్టు. చక్రం బాగానే ఉండి, తర్వాత నడిపినప్పుడు పంపు చప్పుడే లేకపోతే మెకానిక్‌ని పిలవండి.

పంపు లేని టాప్ లోడులో, సెమీ ఆటోమేటిక్‌లో నీళ్లు పల్లానికే పోతాయి. పైపు నేల మీదే పడుకోవాలి. గడప ఎక్కించారా, నీళ్లు డ్రమ్ములోనే.

ఇక ఇవి:

పైపును మురుగు గొట్టంలోకి జానెడు మించి దూర్చొద్దు, టేపు చుట్టి మూసెయ్యొద్దు. గాలి ఆడకపోతే నీళ్లు ఆగుతాయి, వెనక్కీ తంతాయి.

గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉన్నవాళ్లు జోరువానప్పుడు ముందు తూములో ఒక బకెట్ నీళ్లు పోసి చూడండి. అవే దిగకపోతే మెషీన్ విప్పి లాభం లేదు.

యాసిడ్ పొయ్యొద్దు.

స్పిన్ బటన్ పదేపదే నొక్కొద్దు. అడ్డం పడ్డ పంపు వేడెక్కి కాలిపోతుంది.

తలుపు గుంజొద్దు.

ఎర్త్ లేని సాకెట్లో పెట్టొద్దు. 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) లేకపోతే పెట్టించండి. ఉంటే దాని టెస్ట్ బటన్ ఈరోజే నొక్కి చూడండి.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు నీళ్లు బెజవాడ సింగ్‌నగర్ ఇళ్లలోకి వచ్చినట్టు వచ్చి మెషీన్ మునిగితే, ఎండబెట్టాం కదా అని ప్లగ్ పెట్టొద్దు. మెకానిక్ విప్పి చూశాకే.

టెస్టర్ వెలగలేదని నమ్మొద్దు. ప్లగ్ పీకండి.

ఫిల్టరు బిగించాక డ్రమ్ములో 2 లీటర్లు పోసి, ఫిల్టరు మూత చుట్టూ వేలు పెట్టి చూడండి. తడి తగలకపోతే, చేతులు తుడుచుకుని అప్పుడు ప్లగ్ పెట్టండి.