సైగల వీడియో కాల్ స్పష్టంగా కనపడాలంటే

బధిర మిత్రులతో వాట్సాప్ గ్రూప్ కాల్ చేసేటప్పుడు ఫోన్ చేత్తో పట్టుకోకండి, సైగలకు రెండు చేతులూ కావాలి. పుస్తకాల దొంతరకు ఆనించి, తల నుంచి నడుము దాకా, మోచేతులు చాచినా కనపడేంత దూరం జరగండి. వెనక కిటికీ ఉంటే ముఖం నల్లబడుతుంది. కనుబొమలు కనపడకపోతే అడుగుతున్నారో, చెబుతున్నారో తెలీదు. గళ్ల చొక్కా వద్దు, దాని మీద చేతులు స్పష్టంగా కనపడవు.

మైకులన్నీ ఆపేయండి. లేదంటే సైగ చేసేవాళ్లకు బదులు ఫ్యాను మోత ఉన్నవాళ్ల వీడియో గడి తెరపై ముందుకొస్తుంది! 32 మంది చేరొచ్చు గానీ, ఆరుగురు దాటితే వేళ్లు ఆనవు. సిగ్నల్ తగ్గితే ముందు చెడేది వేళ్లతో చూపే అక్షరాలే; పేర్లు, చిరునామాలు టైప్ చేసేయండి. కాల్‌కు బదులు చాట్‌లో పంపే గుండ్రటి వీడియో మెసేజ్ 60 సెకన్లే, పైగా అంచుల్లో చేతులు తెగుతాయి. మామూలు వీడియో తీసి పంపడమే మేలు.