దసలి (టసర్) పట్టుపురుగులు ఒకేసారి రాలిపోతున్నాయా? ముందు ఆకు ఎక్కడిదో చూడండి

సాయంత్రం దాకా కరకరా ఆకు నమిలిన పురుగులు పొద్దున చూస్తే కొమ్మ కింద రాలి ఉంటాయి. వెంటనే వైరస్ అని బ్లీచింగ్ పౌడర్‌కి పరిగెత్తేవాళ్లే అందరూ. ఆ కొమ్మ ఎక్కడ కోశారు, దాని పక్కన ఏ తోట ఉంది అని అడిగితే మాత్రం తెలియదంటారు. దయచేసి ముందు అది కనుక్కోండి.

వైరస్ అయితే పురుగులు రోజుకు కొన్ని చొప్పున పోతాయి. వెనక కాళ్లతో కొమ్మను పట్టుకుని తలకిందులుగా వేలాడతాయి, చర్మం చిట్లి కంపు నీరు కారుతుంది. పురుగుమందు తగిలితే చిన్నా పెద్దా అన్నీ గంటల్లోనే మెలికలు తిరుగుతాయి, పచ్చటి పసరు కక్కుతాయి, పట్టు తప్పి పడిపోతాయి, ఒళ్లు కుంచించుకుపోతుంది.

చిత్తూరు వైపు ఈ మందు ఎక్కువగా మామిడి తోటల నుంచే వస్తుంది. వీటి అసలు మేత మద్ది ఆకు దొరక్కపోతే రేగాకు వేస్తాం కదా, దామలచెరువు, పాకాల వైపు ఆ రేగుచెట్టు ఏదో మామిడి తోట గట్టు మీదే దొరుకుతుంది. డిసెంబరు, జనవరిలో మామిడి పూత మొదలైతే దాని రసం పీల్చే తేనెమంచు పురుగుకు మందు కొడతారు, మన చివరి పట్టు పంట పురుగులు పెద్దవై ఆబగా తినేదీ అప్పుడే. రేగుచెట్టుకు ఎవరూ మందు కొట్టరు, కానీ గాలికి తుంపర వచ్చి పడుతుంది. ఆకు పచ్చగా నిగనిగలాడుతూనే ఉంటుంది, వాసనా రాదు, కడిగినా పూర్తిగా పోదు. నన్ను ఎక్కువసార్లు ముంచింది ఇదే.

మందు తగిలిన లక్షణాలు కనిపిస్తే ఆ కొమ్మలన్నీ తీసిపారేసి, ట్రేలు సబ్బుతో కడిగి, మిగిలినవాటిని తోటలకు దూరంగా ఉన్న చెట్టు ఆకు మీదికి మార్చండి. ఇంటి ముందు బాదం చెట్టుంటే దాని ఆకు కూడా తింటాయి. శేషాచలం అడవిలోకి మాత్రం ఆకు కోసం వెళ్లొద్దు, అందులో నేషనల్ పార్కు ఉంది. కొత్త చోటి ఆకు ఎప్పుడు తెచ్చినా ముందు రెండు మూడు పురుగులకే వేసి, ఒక రోజు ఆగి, బాగుంటేనే మిగతావాటికి వేయండి. పెంచే గదిలోనే కాదు, పక్క గదిలో కూడా దోమల లిక్విడ్ పెట్టొద్దు, దానితోనూ ఇవే లక్షణాలు వస్తాయి.

ఇక మిగతా తిప్పలు. పురుగు ఒంటి మీద నల్ల మచ్చ కనిపిస్తే, పట్టుపురుగుల మీద గుడ్లు పెట్టే ఊజీ ఈగ పిల్లపురుగు లోపలికి దూరిందని అర్థం, దోమతెర కట్టండి. పెబ్రిన్ (తల్లి నుంచి గుడ్ల ద్వారా పిల్లలకు వచ్చే రోగం) అనుమానముంటే తల్లి చిమ్మటను, అంటే గుడ్లు పెట్టిన రెక్కల పురుగును, మైక్రోస్కోపులో చూపించాలి, కంటితో తేలేది కాదు. గుడ్లు పగలకపోతే చాలాసార్లు ఆడదానికి జత కుదరలేదనే అర్థం.