ఉబుంటులో ప్యాకేజీలు అప్‌గ్రేడ్ చేసే ముందు

పలాస, టెక్కలి వైపు అక్టోబర్ అంటే తుపాను భయమే, 2018లో తిత్లీ వచ్చినప్పుడు ఉద్దానం ఎంత చీకట్లో ఉందో అందరికీ గుర్తే. కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు కాబట్టి గాలివాన సూచన ఉన్న రోజు ఉబుంటు (లినక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్) ప్యాకేజీల, అంటే అందులోని సాఫ్ట్‌వేర్ల, అప్‌గ్రేడ్ జోలికి పోకండి.

– ల్యాప్‌టాప్‌లో ఛార్జింగ్ నిండా ఉండాలి, డెస్క్‌టాప్‌కైతే యూపీఎస్. డౌన్‌లోడ్ మధ్యలో నెట్ పోతే టెన్షన్ లేదు, మళ్లీ నడిపితే సరి. ఇన్‌స్టాల్ మధ్యలో కరెంటు పోతేనే తలనొప్పి, సగంలో ఆగిన ప్యాకేజీలన్నీ డీపీకేజీ (dpkg) కమాండ్‌తో మళ్లీ కాన్ఫిగర్ చేయాల్సి వస్తుంది.

– ముఖ్యమైన ఫైళ్లు బ్యాకప్ తీశారా? ఇది వాయిదా వేయొద్దు.

– 'ఆప్ట్ అప్‌డేట్' (apt update) కమాండ్ ప్యాకేజీల జాబితాను మాత్రమే తాజా చేస్తుంది, ప్యాకేజీలను మార్చేది 'ఆప్ట్ అప్‌గ్రేడ్'. 'ఫుల్ అప్‌గ్రేడ్' అవసరమైతే కొన్నిటిని తీసేస్తుంది కూడా, కాబట్టి ఏవి పోతాయని చూపిస్తోందో చదివాకే వై నొక్కండి.

– పాత కెర్నల్ (సిస్టమ్‌ను నడిపే మూల భాగం) ఒకటి ఉంచుకోండి. కొత్తది బూట్ కాకపోతే కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో అదే దిక్కు.

– ఏదైనా ప్యాకేజీ సోర్స్ కోడ్ (ప్రోగ్రామర్లు రాసిన అసలు కోడ్) కావాలంటే అసలు ప్రాజెక్టు సైట్‌లో ఉన్నదే మీ సిస్టమ్‌లో ఉందనుకోవద్దు, డిస్ట్రో వాళ్లు, అంటే ఇక్కడ ఉబుంటు వాళ్లు, తమ ప్యాచ్‌లు (చిన్న మార్పులు) కలుపుతారు. సాఫ్ట్‌వేర్ సెట్టింగ్స్‌లో సోర్స్ కోడ్ ఆన్ చేసి, జాబితా తాజా చేసి, 'ఆప్ట్ సోర్స్' పక్కన ప్యాకేజీ పేరు ఇవ్వండి. దానికి సుడో (అడ్మిన్ అధికారం) అక్కర్లేదు.